పాటల పుస్తకంలో ఆఖరి చరణం

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధికి సంత రోజున ఒక పాటలాయన వచ్చేవాడు. భుజాన గోనెసంచి, చేతిలో కంజీర. సంచి నిండా పచ్చకాగితం అట్టలున్న సన్నటి పుస్తకాలు. అన్నీ ఆయన సొంతంగా కట్టిన పాటలే. ఆదోనిలో జిన్నింగు మిల్లు తగలబడితే దాని మీద ఒక పాట, తుంగభద్ర పొంగితే ఒక పాట, పొలం గట్టు కోసం అన్నదమ్ములు నరుక్కుంటే ఇంకొకటి. ఆదోనిలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేయించి, ఊరూరా పాడి అమ్ముకునేవాడు. గొంతు గొప్పదేమీ కాదు, బొంగురు. అయినా ఆయన మొదలుపెడితే మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయేది.

ఆయన వ్యాపారంలో ఒక కిటుకు ఉండేది. పాటంతా పాడి, ఆఖరి చరణం దగ్గరకు రాగానే కంజీర దించేసేవాడు. చివరికి ఏమైందో తెలియాలంటే పుస్తకం కొనాల్సిందే. చదువు రానివాళ్లు కూడా కొని, బడికి పోయే పిల్లల చేత చదివించుకునేవాళ్లు. మా వీధిలో ఆ పిల్లను నేను. తొమ్మిదేళ్లకే నాకు దానితో ఎంత గర్వం నెత్తికెక్కిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

పక్కింటి అక్కకు పదహారో పదిహేడో ఉంటాయి. మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో ఆమె చేతి వేగం వీధిలో ఎవరికీ లేదు. రోజూ తెల్లవారగానే ఊరి చివరి దిగుడుబావికి నీళ్లకు పోతూ నన్ను లేపి వెంట తీసుకుపోయేది. ఒక రోజు లేపితే నేను లేవలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. అక్క ఒక్కతే పోయింది. పొద్దెక్కాక ఆమెను బావిలోంచి తీశారు. నిండు బిందె మెట్టు మీద నిలబడే ఉంది. కాళ్లు కడుక్కోబోయి పాచి మీద జారిందన్నారు పెద్దలు. వాళ్లమ్మను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆమె పదిరోజులు ఏడ్చి, పదకొండో రోజు మళ్లీ మగ్గం గుంతలోకి దిగింది. బతకాలి కదా.

నెల తిరక్కుండానే పాటలాయన వచ్చి అక్క సంగతి వాకబు చేశాడు. పెద్దవాళ్లెవరూ నోరు విప్పలేదు. మా అరుగు మీద కూర్చుని చివరికి నన్ను అడిగాడు. కాలు జారిందని చెప్పాను. ఆయన పెన్సిలు చెవి సందున దోపుకున్నాడు.

"కాలు జారితే పాట గాదమ్మా. ఇంకేమన్నా ఉండాల," అని లేవబోయాడు.

అంత పెద్దమనిషి నా ఎదుట కూర్చుని నా మాట రాసుకుంటాడనుకున్న సంబరం అంతలోనే పోయేట్టుంది. ముందురోజు నూలు చిక్కుపడేసిందని చిన్నమ్మ అక్కను తిట్టిన సంగతి చెప్పాను. అది నిజమే. మా రెండిళ్లకూ ఒకటే గోడ, అన్నీ వినిపించేవి. నూలు చిక్కుపడితే తిట్టని తల్లి మా వీధిలో లేదు. పెన్సిలు చెవి మీది నుంచి దిగింది. అప్పుడు ఇంకొంచెం చెప్పాను. అక్క బిందె పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుని ఏడ్చిందనీ, ఇంటివైపు తిరిగి దండం పెట్టి దూకిందనీ, నేను కళ్లారా చూశాననీ. ఆయన తల ఎత్తకుండా రాసుకున్నాడు.

శ్రావణంలో ఉరుకుంద జాతరకు మా వీధి ఆడవాళ్లు బస్సులో పోయారు. బిడ్డ పేరున టెంకాయ కొట్టి రావాలని చిన్నమ్మ కూడా పోయింది. అక్కడ జనం మధ్య ఆయన పాడుతున్నాడు. మగ్గాలవాళ్ల పిల్ల, దిగుడుబావి, నిండు బిందె. చిన్నమ్మ నిలబడిపోయింది. ఆఖరి చరణం దగ్గర ఆయన అలవాటు ప్రకారం కంజీర దించేశాడు. ఆమె పుస్తకం కొని, కొంగున చుట్టుకుని ఇంటికి తెచ్చి, నన్ను పిలిచింది.

"సదువు తల్లీ. కడాకు ఏమని రాసినాడో సూడు."

చదివాను.

కన్నతల్లి తిట్టు కడుపులో కోయంగ
ఇంటి దిక్కు తిరిగి దండమెట్టి
నిండు బిందె నొదిలి నీళ్లలో దూకెరా

నాలుగు ముక్కలు మార్చి చదివినా సరిపోయేది. ఆమెకు అక్షరం రాదు. కాలు జారిందని చదివి ఉంటే అదే నమ్మేది. ఆ ఆలోచనే నాకు రాలేదు. తప్పు లేకుండా చదవమని బడిలో నేర్పారు, తప్పు లేకుండా చదివాను. ఆమె మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అప్పటిదాకా ఆమెకు ఉన్నది బిడ్డ పోయిన దుఃఖం. ఆ పూట నుంచి బిడ్డను తానే చంపుకున్నానన్న దుఃఖం మొదలైంది. అన్నం మానేసింది. ఎవరు పలకరించినా నూలు సంగతే చెప్పేది.

తర్వాతి సంతకు పాటలాయన వచ్చినప్పుడు మగవాళ్లు ఆయన్ను చుట్టుముట్టారు. సంచి లాక్కుని పుస్తకాలన్నీ రంగు తొట్టిలో కుమ్మరించారు. చిన్నమ్మ గడప దాటి బయటికి వచ్చింది. నేను ఆమె వెనకే ఉన్నాను.

"ఎవురు సెప్పినారప్పా నీకు? ఎవురు సూసినారు?"

ఆయన నా వైపు చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, నేను చెప్పింది అబద్ధమని అర్థమైనట్టుంది. ఒక్క వేలు నా మీదికి చూపితే పడబోయే దెబ్బలు ఆయనకు తప్పేవి.

"ఎవురూ సెప్పల్యామ్మా. పుస్తకాలు అమ్ముడుపోవాలని నేనే అల్లినా. నీ బిడ్డ కాలు జారే పోయింది."

ఎవరో ఆయన చెంప పగలగొట్టారు. కంజీర తోలు చినిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చిన్నమ్మ మాత్రం నమ్మలేదు. తన ఏడుపు చూసి జాలిపడి అబద్ధం చెబుతున్నాడంది. కాలు జారితే బిందె అట్లా నిలబడే ఉంటుందా అంది. ఆమె నమ్మాలంటే నేను నోరు తెరవాలి. తెరవలేదు. భయమేసింది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను.

ఆయన మళ్లీ మా వీధికి రాలేదు. పాటలు కట్టడం కూడా మానేశాడని ఎవరో అన్నారు. ఆరేళ్ల తర్వాత నాన్నతో ఆదోని పోయినప్పుడు రైలు స్టేషను బయట గోనెపట్టా పరుచుకుని కనిపించాడు. పట్టా మీద పంచాంగాలు, పెద్దబాలశిక్షలు, అన్నీ ఇతరులు రాసినవే. కంజీర లేదు, కేక లేదు. ఎవరైనా వంగి అడిగితే ఇచ్చేవాడు. నాన్న టికెట్లకు పోయినప్పుడు దగ్గరకు వెళ్లాను. గుర్తుపట్టాడు.

"సెప్పినావా?" అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"తప్పు నాది గూడా ఉండాదిలేమ్మా. కాలు జారితే పాట గాదంటి. ఆమె ఉండంగనే సెప్పు, పో."

ఆ సాయంత్రమే చిన్నమ్మ ఇంటికి పోయాను. చూపు మందగించి, తడుముకుంటూ కండెలు చుడుతోంది. ఆమె ముందు కూర్చుని అంతా చెప్పాను. నేను ఆ రోజు బావికే పోలేదనీ, దుప్పటి కింద ఉన్నాననీ, ఆ దండం, ఆ ఏడుపు నేనే పుట్టించాననీ. ఏడుస్తూ ఒట్లు పెట్టాను. ఆమె చుట్టడం ఆపి చివరిదాకా విన్నది. తర్వాత నా తల మీద చెయ్యి వేసింది.

"పాటలాయన గూడా ఇట్లనే మీదేసుకున్యాడులే తల్లీ. నన్ను సూడల్యాక సెప్తాండావు. శానా మంచిదానివి."

మళ్లీ కండె అందుకుంది. ఆ తర్వాత రెండేళ్లకు, బిడ్డను తానే చంపుకున్నానన్న నమ్మకంతోనే పోయింది. తొమ్మిదేళ్లప్పుడు ఆ గడప ముందు చెప్పి ఉంటే నన్ను చావబాదేది. బాది, నమ్మేది. ఆయన పడ్డ దెబ్బలకూ ఒక ఫలితం ఉండేది. ఇన్నేళ్లలో చాలామంది నన్ను మంచిదానివన్నారు. మనవరాళ్లూ అంటుంటారు. ఆ మాట వినగానే ఈ రోజుకీ నా తల దానంతటదే పక్కకు తప్పుకుంటుంది, ఆమె చెయ్యి మళ్లీ పడుతుందేమోనని.