చంద్రుడి మీద తాలింపు వాసన

నిన్న మా కావలి రీడర్స్ క్లబ్బులో నా పరువు పోయింది. పోయిన కాసేపటికే రెట్టింపై తిరిగొచ్చింది. వినండి చెప్తా, టీ కప్పు మాత్రం కింద పెట్టుకోండి.

క్లబ్బులో ఇన్నాళ్లూ నాకిచ్చే పని వందన సమర్పణ. ఫ్యాన్సీ షాపు షమీమ్‌కి అంతకంటే ఏం చేతనవుతుందని మా సెక్రటరీ గారి ఉద్దేశం. ఈసారి నెల్లూరు నుంచి ఒక పెద్దాయన, రచయిత, వస్తున్నారు. కుర్రతనంలో ఆయన రాసిన సైన్స్ ఫిక్షన్ కథల మీద ఎవరో ఒకరు మాట్లాడాలి. అవి పుస్తకంగా రాలేదు, ఎవరి దగ్గరా లేవు. మా ఇంట్లో ఉన్నాయి. మా అమ్మ అప్పట్లో వారపత్రికల్లో నచ్చిన కథలు చింపి, దబ్బనంతో కుట్టి దాచుకునేది. అలా మెయిన్ స్పీచ్ నాకొచ్చింది. ఇది చెడగొడితే జన్మలో మళ్లీ మైకు ఇవ్వరు.

వారం రోజులు ప్రిపేరయ్యా. అందులో ఒక కథ నన్ను కట్టిపడేసింది. చంద్రుడి మీద ఒక కుర్రాడు ఒంటరిగా చిక్కుకుపోతాడు. సిలిండర్లో గాలి అయిపోతుంటుంది. పాక్కుంటూ వెళ్లి రాకెట్ తలుపు తెరుస్తాడు. పేజీ తిప్పితే, లోపల తాలింపు వాసన! ఒకావిడ "ఇంత ఆలస్యమైందేమి, కాళ్లు కడుక్కుని రా, అన్నం చల్లారిపోతోంది" అంటుంది.

అమ్మ కుట్టిన పుస్తకం చేత్తో పట్టుకుని మైకు ముందు ఊగిపోయా. "ఊపిరి ఆగిపోయే మనిషికి సైన్స్ గుర్తు రాదండీ, ఇంట్లో అన్నం గుర్తొస్తుంది. అంత చిన్న వయసులో ఈయనకి ఇంత లోతు ఎక్కడిది?" అన్నా. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఒకటే చప్పట్లు. రచయిత గారు మాత్రం కొట్టలా.

"ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా అమ్మా" అన్నారు. తిప్పి చూసి, నవ్వాపుకుంటూ, "చివరి పేజీ నాది కాదమ్మా. ఇంకెవరిదో కాపురం కథ" అన్నారు.

పేజీ నంబర్లు కలవలా. అక్షరాల సైజు కూడా వేరే. వారం రోజులు కళ్లకద్దుకుని చదివిన నాకు అది కనపళ్లా. హాలంతా నవ్వు. సెక్రటరీ గారు మైకు కోసం చెయ్యి చాపారు.

"ఉండండి" అన్నారు రచయిత గారు. "నా కథలో చివర అమెరికా రాకెట్ వచ్చి వాడిని ఎక్కించుకుపోతుంది. అప్పట్లో నాకంతకంటే తోచలేదు. దానికి సిగ్గేసే ఈ కథల్ని పుస్తకం వెయ్యలేదు. ఇప్పుడు వేస్తాను. వాడు ఇంటికే చేరతాడు, ఆ మాటలు నేనే రాసుకుంటాను. ముందుమాట మాత్రం మీరే రాయాలి."

ఈసారి ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. సెక్రటరీ గారు స్వయంగా నాకు స్టేజీ మీద కుర్చీ వేశారు. ఆ కుర్చీలో నేను కూర్చున్న తీరు మీరు చూడాల్సింది.

స్కూటీ మీద ఎగురుకుంటూ ఇంటికొచ్చా. "నువ్వు పొరపాటున ఏ పేజీకి ఏది కుట్టావో గానీ, నా దశ తిరిగింది" అన్నా. అమ్మ చిక్కుళ్లు ఒలుస్తోంది. తల కూడా ఎత్తలా.

"పొరపాటేంది మే? ఆ రాకెట్టు రావడం నాకు నచ్చలా. ఆకలితో ఉండే బిడ్డని ఎవురో ఎత్తుకోనిపోతే ఏం బాగుంటాది? ఆ పేజీ పీకేసి ఇది కుట్టినా."

అంటే, అంతమందిలో ఆ రచయిత లోతు అని నేను గొంతు చించుకుని చెప్పిందంతా మా అమ్మ లోతు. ఇప్పుడు ముందుమాట ఎలా మొదలెట్టాలో తెలీక తల పట్టుకున్నా. అమ్మ మాత్రం ఆయన మిగతా కథలు కూడా అచ్చు వేసేముందు తనకి పంపమంటోంది. అప్పట్లో చదివినవాటిలో ఇంకో రెండిటికి చివర్లు బాగాలేవట.