టీవీ వెనక మనిషి

ముప్పై ఎనిమిదేళ్లు టీవీలు బాగుచేసిన మనిషి ఏనాడూ టీవీకి ఎదురుగా తీరిగ్గా కూర్చోలేదంటే ఎవరు నమ్ముతారు? నమ్మకపోతే ఆయన భార్యనడగండి, ఆవిడే సాక్షి.

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దం మెకానిక్ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. మేడమెట్ల కింద ఇరుకు కొట్టు ఆయనది. టీవీ వెనక మూత విప్పుకుని స్టూలు మీద కూర్చునేవాడు. టీవీకి ఎదురుగా గోడకి ఒక నిలువుటద్దం ఆనించి ఉండేది, పాత బీరువా తలుపు నుంచి ఊడదీసింది. చేతులు వైర్ల మధ్య, చూపు అద్దంలో. స్క్రూ తిప్పితే బొమ్మ ఎలా మారిందో లేచి వెళ్లి చూడక్కర్లేదు, కూర్చున్నచోటే తెలుస్తుంది. కాకపోతే అద్దంలో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది, అక్షరాలు తిరగబడతాయి. ఆయనకు అదే అలవాటైపోయింది. తిరగబడ్డ అక్షరాలు గడగడా చదివేవాడు, తిన్నగా ఉన్నవాటి దగ్గరే కాస్త తడుముకునేవాడు.

అయితే ఆ అద్దానికి ఒక లోపం ఉంది. పాతబడి పాతబడి రంగుల్ని కాస్త ఆకుపచ్చగా చూపేది. అందుకని రంగుల సంగతికొచ్చేసరికి ఆయనకు భార్య కావాలి. మధ్యాహ్నం క్యారేజీ తీసుకొచ్చి, ఆయన తినేదాకా ఆగి, ఆ తర్వాత టీవీ ముందు పీట వేసుకుని కూర్చునేది ఆవిడ.

"ఎలా ఉంది?" అని వెనకనుంచి అడిగేవాడు.

"ఎరుపెక్కువైంది."

"ఇప్పుడు?"

"మరీ తగ్గించేశారు. ఆ పిల్ల జ్వరం పడి లేచినట్టుంది."

"ఇప్పుడో?"

"ఆకాశం పర్వాలేదు గానీ, ఆ ముసలాయన జుట్టు కూడా నీలంగా ఉంది. ఆయనేం పాపం చేశాడు?"

ఇలా సాగేది. బాగుంది అనే మాట ఆవిడ నోటి వెంట రావడం గగనం. అన్నీ కుదిరాక "సరే, మూత బిగించండి," అనేది, అంతే. ఆ మాట పడితేనే ఆయన స్క్రూడ్రైవరు అందుకునేవాడు. అలా మూత బిగించిన టీవీ రంగుల కోసం మళ్లీ కొట్టు గడప తొక్కిన పాపాన పోలేదు. వీధిలో పేరు మెకానిక్‌ది, కళ్లు ఆవిడవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒక్కనాడూ పైకి అనుకోలేదు.

గోడకు తగిలించే పల్చటి టీవీలొచ్చాక బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. రెండేళ్ల కిందట ఆయన కొట్టు మూసేసి, అద్దాన్ని దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం ఆ పాత డబ్బా టీవీయే. దాని లోపలి సరుకు మూడుసార్లు మార్చాడు, పైన డబ్బా ఒక్కటే పాతది. రోజూ సాయంత్రం ఆరున్నరకి దాన్లో ఒక సీరియల్ వస్తుంది. ఎక్కడో చలి ఊళ్లో, చిన్నప్పుడే విడిపోయిన అక్కచెల్లెళ్లిద్దరి కథ. నాలుగేళ్ల నుంచీ ఆవిడ ఒక్కరోజు వదలకుండా చూస్తోంది. ఆ ఇద్దరూ ఎప్పుడు కలుసుకుంటారా అని ఆవిడ ఎదురుచూపు. ఆ పూట వాళ్ల మొహాలు చూడాలి, చూసి తీరాలి అనేది.

అలాంటి మనిషి కళ్లకే వచ్చింది తంటా.

కంటి డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. కంటి వెనక పొర మధ్యలో అరిగిపోతోంది. చుట్టుపక్కల కనిపిస్తుంది, సూటిగా చూసింది మాత్రం మసకబారుతుంది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు, ఆపడం తన చేతుల్లో లేదన్నాడు. "ఈలోపు చూసుకోవాల్సినవి చూసుకోండమ్మా. ఇంట్లో పెద్ద తెర ఉన్న టీవీ ఉంటే కొన్నాళ్లు సుఖంగా చూడొచ్చు," అన్నాడు చివర్న.

ఆ చివరి మాటని మెకానిక్ మందుల చీటీలా పట్టుకున్నాడు. మర్నాడే రెండొందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు. స్కేలుతో గీతలు గీశాడు. ప్యానెల్ రకం, వెనక సాకెట్లెన్ని, లోపల మెమరీ ఎంత, కంపెనీ ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ మారుస్తుంది, గాలి ఆడే కంతలున్నాయా, విడిభాగాలు దొరుకుతాయా. ఇవన్నీ అడ్డంగా. నిలువుగా టీవీల పేర్లు. పేజీ పైన పెద్దక్షరాలతో, పదేళ్లు ఉండాలి, అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు.

కొనేసి తీసుకురావచ్చు కదా అంటారా? ఆయన సంగతి మీకు తెలియదు. నాలుగేళ్లకే తెర మీద చారలొచ్చిన టీవీలు, కంపెనీవాడు చేతులెత్తేసిన టీవీలు ఎన్ని చూశాడో. ఇవాళ గొప్పగా ఉన్నది రేపటికి పనికిరాకుండా పోవడం ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఒక కొట్లో వెనక రెండే సాకెట్లున్నాయని వద్దన్నాడు. ఇంకోచోట నాలుగున్నాయి, మెమరీ చాల్లేదు. మరోచోట అన్నీ కుదిరాయి, అంతలో అమ్మే మనిషి నోరు జారి, వచ్చే నెలలో దీని కొత్త రకం వస్తోందండీ అన్నాడు. వచ్చే నెలకి ఆగాడు. ఆ నెలలో వచ్చినదాన్ని తలదన్నేది పండక్కి తెస్తామని ఇంకో కంపెనీ ప్రకటన. మళ్లీ ఆగాడు.

భార్య తమ్ముడొకడున్నాడు, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి. ఓ ఆదివారం వచ్చి ఆ పుస్తకం తిరగేసి, "టీవీ కొంటున్నావా బావా, ఇల్లు కడుతున్నావా?" అన్నాడు. "మా అక్క చూడాల్సింది టీవీనా, నీ పుస్తకమా?"

"నీకేం తెలుసు? రెండేళ్లకోటి మార్చేవాడివి. ఇది పదేళ్లుండాలి," అన్నాడు మెకానిక్.

బావమరిది అక్కవంక చూశాడు. ఆవిడ కిటికీవంక చూస్తోంది.

పదేళ్లు. ఆ పదేళ్లు టీవీకి కాదని ఆయనకు లోపల్లోపల తెలుసు. డాక్టరు ఏడాదో రెండేళ్లో అన్నాడు. పదేళ్లు నడిచే టీవీ కోసం తిరుగుతున్నంతసేపూ ఆ మాట చెవిన పడనట్టే ఉండేది. చూసే కళ్లు లేకపోతే పదేళ్ల టీవీ ఎవడిక్కావాలి, కనుక కళ్లూ ఉంటాయి. ఇదీ ఆయన లెక్క. పిచ్చి లెక్కే, కాదనను. కానీ ముప్పై ఎనిమిదేళ్లు చెడిపోయినదాన్నల్లా బాగుచేసిన మనిషి, తన చేతుల్లో లేని మరమ్మతు ఎదురైతే ఇంకేం చేస్తాడు, పాపం.

అలా నాలుగు నెలలు గడిచాయి.

చివరికి ఒక శనివారం మధ్యాహ్నం భార్యను వెంటబెట్టుకుని పెద్ద కొట్టుకి వెళ్లాడు. పుస్తకంలో వడపోసి వడపోసి ఏడు టీవీలు తేల్చాడు. ఇక ఆవిడ ఏది అంటే అదే. కొట్లో అమ్మే ఆవిడకు నలభై దాటి ఉంటాయి, ఓపికమంతురాలు. ఏడింటినీ వరసగా బల్లల మీద పెట్టించింది. వెనక్కి తిప్పి చూస్తానంటే కూడా విసుక్కోలేదు. "వెనకవైపు చూసి టీవీ కొనేవాళ్లని మిమ్మల్నే చూశాను సార్," అంది, అంతే.

మెకానిక్ భార్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, టార్చిలైటు తీసుకుని మొదటి టీవీ వెనక్కి దూరాడు. సాకెట్లు లెక్కపెట్టాడు. కంతల్లోంచి లోపలికి తొంగిచూశాడు. అలవాటు చొప్పున గొంతెత్తాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది ఆవిడ.

పుస్తకంలో రాసుకుని రెండోదాని వెనక్కి జరిగాడు. "ఇది?"

"బాగుంది."

"ఇది?"

"ఇదీ బాగుంది."

నాలుగోదాని వెనక ఆయన చెయ్యి ఆగిపోయింది. బాగుంది? ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అనని మాట వరసగా మూడుసార్లు. ఎరుపు లేదు, నీలం లేదు, జ్వరం పడ్డ పిల్ల లేదు. టార్చి ఆర్పడం కూడా మరిచిపోయి ముందుకొచ్చాడు.

ఆవిడ టీవీకి ఎదురుగానే ఉంది, కానీ మొహం పక్కకి తిప్పుకుని గోడ గడియారాన్ని చూస్తున్నట్టుంది. గడియారాన్ని కాదు. కంటి కొసతో టీవీని పట్టుకోవాలని చూస్తోంది. పది రోజులుగా కాఫీ కప్పు పక్కన ఒలుకుతుంటే చేతివణుకు అనుకున్నాడు. గడ్డం గీసుకోకపోయినా ఆవిడ తిట్టకపోతే మారిందనుకున్నాడు. అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి.

ఆయన మోకాళ్లమీద కూర్చున్నాడు. "ఏం కనిపిస్తోంది నీకు?"

"అంచులు," అంది మెల్లగా. "చెట్లూ గోడలూ కనిపిస్తున్నాయి. మనుషులున్నారు గానీ మొహాలు లేవు."

"ఎన్నాళ్లైంది?"

"నెల దాటింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పమంటారు? మీరేమో కూర్చుని పదేళ్లు, పదేళ్లు అని రాసుకుంటుంటే."

మెకానిక్ లెక్కేసుకున్నాడు. నాలుగు నెలలు. మొదటివారంలో ఏదో ఒకటి కొనేసి ఉంటే ఈ మూడు నెలలూ పెద్ద తెర మీద చూసి ఉండేది. అక్కచెల్లెళ్ల మొహాలు, వాళ్ల బట్టల రంగులు, ఆవిడకిష్టమైనవన్నీ. రేపటికి పాతబడకూడదనుకుని ఆవిడ ఇవాళ్టిని తనే పోగొట్టాడు. కొట్టు నిండా టీవీలు, ఎవరో నవ్వుతున్నారు వాటిల్లో. ఆయనకు అన్నిటినీ కట్టేసి బయటికి నడవాలనిపించింది.

ఆవిడే చెయ్యిచాచి ఆయన భుజం తడిమింది. "లేవండి. మోకాళ్లు పట్టేస్తే మళ్లీ నేనే లేపాలి. ఏదో ఒకటి తీసుకుందాం. వింటాను."

వింటాను అన్న మాట దగ్గర ఆయన తలెత్తాడు. లేచి నిలబడ్డాడు. అమ్మే ఆవిడతో, "వీటన్నిటిలో ఇద్దరు మాట్లాడుకునేది ఏదైనా పెట్టండమ్మా. ఒక్కొక్కటే," అన్నాడు. భార్యతో, "కళ్లు మూసుకో," అన్నాడు. ఈసారి వెనక్కి వెళ్లలేదు. పక్కన నిలబడే అడిగాడు.

"ఎలా ఉంది?"

"రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది."

"ఇది?"

"వీళ్లకి జలుబు చేసింది."

"ఇదో?"

"గొంతులు బల్ల కింద నుంచి వస్తున్నాయి. పాపం, అక్కడేం చేస్తున్నారు?"

అమ్మే ఆవిడ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. మెకానిక్‌కి మాత్రం కళ్లు చెమర్చాయి. తన మనిషి మళ్లీ పీట వేసుకుని కూర్చుంది.

ఏడూ అయిపోయాయి, ఒక్కటీ ఆవిడకు నచ్చలేదు. అప్పుడు అమ్మే ఆవిడ మూల నుంచి ఇంకోటి తెప్పించింది. నిరుటిది, ఎవరూ అడగడం లేదట, తెరకి రెండు పక్కలా స్పీకర్లు. అది మోగగానే భార్య కుర్చీలో నిటారుగా అయింది.

"ఒకడు ఇటున్నాడు, ఇంకొకడు అటున్నాడు," అంది. "ఇప్పుడు ఇటువాడు లేచి అటు నడిచాడు. అవునా?"

అవును. సరిగ్గా అలాగే నడిచాడు.

మెకానిక్ అలవాటుకొద్దీ దాని వెనక్కి ఒకసారి తొంగిచూశాడు. రెండే సాకెట్లు. సాఫ్ట్‌వేర్ ఇంకో మూడేళ్లే. పుస్తకం ప్రకారం చూస్తే ఒక్క గడిలోనూ నెగ్గదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుని, "ఇదే ఇవ్వండి," అన్నాడు.

పన్నెండు రోజుల తర్వాత, సాయంత్రం ఆరున్నరకి, అక్కచెల్లెళ్లు కలుసుకునే పూట రానేవచ్చింది. మెకానిక్ టీవీ ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. భార్య సోఫాలో కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఏం జరుగుతోంది?"

"చెల్లెలు సంచులు సర్దుకుంటోంది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. కుడివైపు గుమ్మం."

"కుడివైపేమిటండీ, ఊపిరి చప్పుడు ఎడమనుంచి వస్తుంటే?"

ఆయన తన చేతులవంక చూసుకున్నాడు. నిజమే, ఎడమ. "అద్దం అలవాటు," అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. నవ్వాక, "కోటు వేసుకుందా?" అనడిగింది.

"ఆ. ఎరుపు కోటు."

"ఏ ఎరుపు?"

ఆయన ముందుకు వంగాడు. ఎరుపుల్లో ఇన్ని ఉంటాయని ఆవిడే కదా ఇన్నేళ్లూ చెప్పింది. "ఇటుక రంగు. కాలర్ దగ్గర కాస్త వెలిసింది."

"మొహం?"

బొమ్మ సరిగా ఉందో లేదో చూడ్డమే తప్ప, బొమ్మలో ఉన్న మనిషిని ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. ఇప్పుడు చూశాడు.

"కింది పెదవి లోపలికి లాక్కుంది," అన్నాడు. "ఏడుపు ఆపుకుంటోంది. ఒక కన్ను ముందే తడిసింది, రెండోది ఇంకా లేదు. పిలుద్దామని నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. చెల్లెలు ఇంకా తిరిగి చూడలేదు."

ఆవిడ మూసిన కళ్లమీద వేళ్లు ఒత్తుకుని, సోఫాలో వెనక్కి వాలింది.

"సరే, మూత బిగించండి," అంది.

మెకానిక్ స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.