బక్కయ్య నమ్మని ఫీజు

తంగళ్ళపల్లి బక్కయ్యకు లోకంలో ఉత్తగా వచ్చేదేదీ నచ్చదు, చవకగా వచ్చేదంటే భయం. కిరాణా దుకాణంలో కాంటా కింద వేలు పెట్టి చూస్తాడు. సూది వేయబోయే డాక్టరును ముందు మందు సీసా చూపించమంటాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన కొత్తలో, సర్కారు ఏదో ఒకనాడు అణాపైసలతో సహా వసూలు చేస్తుందని, భార్య శంకరవ్వ తెచ్చిన సున్నా టికెట్లన్నీ సబ్బు డబ్బాలో దాచిపెట్టాడు. శంకరవ్వ నవ్వింది. నవ్వినందుకు ఆమె మీద కూడా కొంచెం అనుమానపడ్డాడు.

ఊరికే అలా తయారు కాలేదులెండి. ముప్పై ఏళ్ళుగా సిరిసిల్లలో సాంచెలు నడుపుతున్నాడు, అంటే మరమగ్గాలు. పడుచుతనంలో ఒక మగ్గాల యజమాని గుడ్డ కొలిచే బద్దను రెండు వేళ్ళు పొడుగ్గా చేయించి అందరి కూలీ కోస్తుంటే, పట్టుకున్నది బక్కయ్యే. నలుగురిలో బయటపెట్టాడు, నలుగురూ శభాష్ అన్నారు. ఆ ఒక్క శభాషే ఆయన కొంప ముంచింది. ఆనాటి నుంచి ఏ బద్ద చూసినా పొడుగ్గానే కనిపిస్తుంది.

అలాంటి మనిషి బిడ్డ నీల, కోరుట్లలో కాపురం వదిలి ఒక్క సంచితో పుట్టింటికి వచ్చి ఎనిమిది నెలలు. అల్లుడు సతీశ్‌కు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. తాగడు, కొట్టడు. మరెందుకు వచ్చావంటే, ఉండబుద్ధి కాలేదన్నది. బక్కయ్య నమ్మలేదు. ఏదో దాస్తోందనుకున్నాడు గానీ ఇంకోసారి అడగలేదు. అడిగితే మాత్రం నిజం చెబుతుందని గ్యారంటీ ఏమిటి?

నీల సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో చేరింది. కోర్టులో ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని తోటి ఆడవాళ్ళు చెబితే వెళ్ళి, ఒక లాయరమ్మను కలిసి వచ్చింది. ఆ రోజు అన్నాల దగ్గర తండ్రికి అంతా విడమరిచి చెప్పింది. విడాకుల అర్జీకి కోర్టుకు కట్టే ఫీజు వేరట, వకీలు తీసుకునే ఫీజు వేరట. బయట చాలామంది రెండూ కలిపేసి కోర్టు ఫీజనే చెబుతారట. నిజానికి కోర్టుకు కట్టేది స్టాంపుల ఖర్చు, ఇద్దరు మనుషులు హోటల్లో టిఫిను చేసినంత. ఇక వకీలు ఖర్చు ఆడవాళ్ళకు న్యాయసహాయం కింద సర్కారే చూసుకుంటుందట.

బక్కయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళినాడు బ్యాండుమేళానికే బోలెడంత పోశాడు. ముడి వేయడానికి అంతయితే తెంపడానికి టిఫిను ఖర్చా?

లాయరమ్మ పేరు అడిగాడు. ప్రియదర్శిని. ఎవరి పిల్ల అని అడిగాడు. కొడిమ్యాల దిక్కు దొరల మనవరాలు. దాంతో ఉన్న కాస్త ఆకలీ చచ్చింది. బక్కయ్య తాత అలాంటి దొరల కోటలాంటి గడీలోనే వెట్టి చేశాడు. ఉత్తగా పని చేయడమంటే ఏమిటో బక్కయ్య వంశానికి బాగా తెలుసు. దొరల ఇంటివాళ్ళు తమకు ఉత్తగా పని చేయడం మాత్రం ఎన్నడూ వినలేదు.

"దొర బిడ్డ మనకు ఉత్తగ ఎందుకు వాదిస్తది? సతీశ్ కాడ పైసలు తిన్నదేమో" అన్నాడు. నీల కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడే పనికి డుమ్మా కొట్టి జగిత్యాల బస్సెక్కాడు. ఒకప్పుడు తనతో సాంచెలు నడిపిన రాజలింగం అక్కడ ఒక వకీలు దగ్గర గుమాస్తా. రాజలింగం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, కోర్టు ఫీజే ముప్పై అయిదు వేలవుతుందన్నాడు. రశీదు ఇస్తారా అని అడిగితే, మన మధ్య రశీదులేమిటన్నాడు. బక్కయ్య ఇతణ్ణీ నమ్మలేదు. చిత్రం ఏమిటంటే, నమ్మకపోయినా ఆ ముప్పై అయిదు వేల విడాకులే అసలైనవిగా, టిఫిను ఖర్చు విడాకులు ఉత్తుత్తివిగా తోచాయి. తిరుగు బస్సు వేములవాడ దాటేసరికి అనుమానం ఇంకో మలుపు తిరిగింది. అసలు నీల అర్జీ పెడుతోందా? తన కళ్ళు కప్పడానికే ఈ ఫీజు కథ చెప్పిందా?

గురువారం నీల కోరుట్ల వెళ్ళొస్తానన్నది. పెళ్ళయినట్టు కోర్టుకు రుజువు కావాలి, ఆల్బమేమో సతీశ్ ఇంట్లో ఉండిపోయింది, పెళ్ళికి ఫొటోలు తీసిన స్టూడియోలోనే ఒక కాపీ తీయించుకు రావాలి. కోరుట్ల పేరు వినగానే బక్కయ్యకు మిగతాదేదీ చెవికెక్కలేదు. వాడితో రాజీకి పోతోందన్నమాట. పోనీ, వాడు దారిలో ఆపి ఏమైనా చేస్తే? అది భయమో అనుమానమో ఆయనకే తేలలేదు. ఆ రెంటినీ ఆయన ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

నీల ఎక్కిన బస్సే, వెనుక నుంచి తనూ ఎక్కాడు. ముఖానికి తువ్వాల చుట్టుకుని చివరి సీట్లో ఒదిగి కూర్చున్నాడు. కోరుట్లలో దిగి, నలభై అడుగుల దూరం పాటిస్తూ నడిచాడు. నీల ఎక్కడా ఆగలేదు, ఎవరినీ కలవలేదు, నేరుగా స్టూడియోకు పోయింది. బక్కయ్య ఎదురుగా పాన్‌డబ్బా చాటున నిలబడ్డాడు. లోపల ఆమె ఫోనులో ఏదో మాట్లాడితే, పెదాల కదలికను బట్టి సతీశ్ పేరు పట్టుకోవాలని మెడ చాచాడు. కాసేపటికి నీల ఒక కవరుతో బయటికి వచ్చింది. రోడ్డు దాటి సరాసరి పాన్‌డబ్బా దగ్గరికే వచ్చి నిలబడింది.

"తువ్వాల తియ్యి నాయినా. నువ్వు బస్సెక్కినప్పుడే చూసిన."

ఎండకు కట్టుకున్నానన్నాడు. ఆకాశం పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది.

నీల కేకలు వేయలేదు. బస్టాండుకు తీసుకుపోయి బెంచీ మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి రెండు నోటుబుక్కు కాగితాలు తీసింది. విడాకులు ఎందుకో నీ మాటల్లో రాసుకొని రమ్మని లాయరమ్మ చెప్పిందట. ఫొటోతో పాటు రేపు ఇవ్వాలి. "నీకు చూపెట్టొద్దనుకున్న. సదువు" అన్నది.

బక్కయ్య ఏడో తరగతి దాకా చదివాడు. ఒక్కో అక్షరం పట్టుకుని చదివాడు.

"నేను కూరగాయలకు పోతే నా వెనుక వస్తాడు. మొఖానికి తువ్వాల కట్టుకొని ఎదురు దుకాణం కాడ నిలబడతాడు. ఇంటికి వచ్చినంక ఎవరితో మాట్లాడినవని అడుగుతాడు. నిజం చెప్తే నమ్మడు. మళ్ళీ అడుగుతాడు. రెండేండ్లు చెప్పి చెప్పి, నాకే నా మీద అనుమానం వస్తున్నది."

చదివిందే మళ్ళీ చదివాడు. ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని అలవాటు కొద్దీ వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. మెడలోని తువ్వాల తీసి తొడ కింద దాచుకున్నాడు.

"నాతోని ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తె నమ్ముతుంటివా?"

నీల కాగితాలు తీసుకుని మడత పెట్టి సంచిలో పెట్టింది.

"ఆయనకైతె కోర్టుల అర్జీ పెట్టి ఇడాకులిస్త. నీకు ఏ కోర్టుల ఇయ్యాలె నాయినా? దానికెంత ఫీజు?"

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని బక్కయ్యకు అనిపించింది. కోపమైతే తిరిగి కోపగించుకోవచ్చు. ఇది అలసిపోయిన మనిషి నిజంగానే అడుగుతున్నట్టు ఉంది.

సిరిసిల్ల బస్సు వచ్చి ఆగింది. నీల లేచింది. బక్కయ్య కూడా లేచి, ఒక అడుగు వేసి, మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు.

"నువ్వు పో బిడ్డా. నేను ఇంకో బస్సుకు వస్త."

నీల ఆగి ఆయన ముఖంలోకి అనుమానంగా చూసింది, ఇందులో ఏం కిటుకు ఉందోనని. ఆ చూపు ఎవరి దగ్గర నేర్చుకున్నదో బక్కయ్యకు తెలుసు. తల దించుకున్నాడు. ఆమె బస్సెక్కింది.

తర్వాతి బస్సు గంటకు గానీ లేదు. నీల ఎక్కడ దిగుతుందో, ఎవరితో మాట్లాడుతుందో తెలియకుండా ఆ గంటసేపూ కూర్చోవాలి. యాభై ఎనిమిదేళ్ళలో అంత కష్టమైన పని ఆయన ఎన్నడూ చేయలేదు. రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.