కేబుల్ కారు కండక్టరు షూఫెన్

చోంగ్‌చింగ్‌లో యాంగ్‌జీ నది మీద తీగకు వేలాడుతూ పోయే కేబుల్ కారులో పాంగ్ షూఫెన్ కండక్టరు. పెళ్లికి ముందే చేరింది. అప్పట్లో అదేమీ వింత కాదు, ఊరివాళ్లకు సిటీ బస్సు లాంటిది. అవతలి ఒడ్డు మిల్లు పనివాళ్లు, వీపు మీద వెదురుబుట్టల్లో ముల్లంగి మోసుకొచ్చే ఆడవాళ్లు, కాళ్లు కట్టేసిన బాతులు, అందరూ ఒకే పెట్టెలో కిక్కిరిసేవారు. తలుపు పడాలంటే షూఫెన్ నోరు తెరవాల్సిందే.

"లోపలికి జరుగుండ్రి! ఏందయ్యా, తలుపుకాడ ఇల్లు కడ్తున్నవా? ఓ పిన్నీ, నీ బాతు ఆయన ప్యాంటు కొరుకుతాంది, సూడు!"

ఎవరూ కోపం తెచ్చుకునేవారు కాదు. ఆమె కేకలు వినందే వాళ్లకు తెల్లారినట్టు ఉండేది కాదు.

తర్వాత నది మీద వంతెనలు లేచాయి, మెట్రో వచ్చింది, మిల్లు మూతపడింది. బాతుల బదులు దేశం నలుమూలల నుంచీ సెల్‌ఫోన్లు పట్టుకుని జనం దిగారు. కొండ మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టుండే ఇళ్లూ, కింద బురదరంగు నీళ్లూ చూడ్డానికి వీధి మలుపుదాకా వరుస కట్టేవారు. ఆఫీసువాళ్లు షూఫెన్‌కు ఎర్రకోటు కుట్టించి, చేతికి మైకు ఇచ్చారు. ఏం చెప్పాలో పుస్తకాల భాషలో రాసి ఇచ్చారు.

"కంఠస్థం చేసేయండి షూఫెన్ గారూ. మన యాస మాత్రం రానివ్వకండి, బయటివాళ్లకు అర్థం కాదు," అన్నాడు మేనేజరు వెయ్.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఊరి నాలుకకు 'న'కూ 'ల'కూ తేడా తెలియదు. భర్త తాన్ తన నూడుల్స్ కొట్లో మిరపనూనె కాస్తుంటే, ఎదురుగా నిలబడి పాఠం అప్పజెప్పేది.

"మీరిప్పుడు యాంగ్‌జీ లదిని దాటుచున్నారు."

"లది కాదే, లది అనాలె!" అని సరిదిద్దేవాడు తాన్. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

కారులో నవ్వు అలా ఉండలేదు. ఒకరోజు ఆమె "మన సుందర లగరం" అనగానే ఓ కుర్రజంట కిసుక్కున నవ్వింది. అమ్మాయి ఫోను పైకెత్తి, "ఆంటీ, ప్లీజ్, ఇంకోసారి అనరూ!" అంది. నాలుగు రోజుల్లో ఆ వీడియో ఊరంతా తిరిగింది. కూరగాయల అంగట్లో ఎవరో వెనక నుంచి "లగరం ఆంటీ!" అని కేకేశారు. పుట్టిన ఊళ్లో తన నోరే తనకు సిగ్గుచేటు అవుతుందని షూఫెన్ కలలో కూడా అనుకోలేదు. మైకు ముట్టడం మానేసింది. రికార్డు చేసిన గొంతు పెట్టించుకుంది. ఇక తలుపు తీయడం, వేయడం, అంతే. యంత్రాల గదికి మార్చమని వెయ్‌ను అడిగింది. ఇంట్లోనూ మాట తగ్గించింది.

"నోరు మూసుకున్న షూఫెన్‌తోని కాపురం చేస్తనని నేనెవ్వరికీ మాటియ్యలే," అని తాన్ మూలిగాడు. దానికీ ఆమె నవ్వలేదు.

చలికాలం, మంచు విడుతున్న ఒక ఉదయం, చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు ఎక్కి సరిగ్గా గుమ్మంలోనే నిలబడిపోయాడు. రికార్డు గొంతు దయచేసి జరగమంది. షూఫెన్ భుజం తట్టింది. ఆయన కదల్లేదు. వెనకవాళ్లు గొణుగుతున్నారు. ఆమెకు ఒళ్లు తెలియలేదు.

"ఓ తాతా! తలుపుకాడ మొలకెత్తినవా ఏంది? జరుగు, నడుమ ఇరుక్కుంటే నీ పెండ్లామొచ్చి నన్ను తంతది!"

షూఫెన్ నాలుక కరుచుకుంది. ముసలాయన మెల్లగా తిరిగాడు. కళ్లు నిండి ఉన్నాయి.

"ఇంకోసారి తిట్టు బిడ్డా," అన్నాడు, అచ్చం అదే యాసలో.

ఆయన పేరు ల్యావ్. మీసాలు రాని వయసులో దేశానికి పడమటి కొసనున్న షిన్‌జియాంగ్ వెళ్లి, ఎడారి అంచున కాలువలు తవ్వి, అక్కడే ఇల్లూ వాకిలీ ఏర్పరుచుకున్నాడు. భార్య పోయాక ఊరు చూసుకుందామని వచ్చాడు.

"వచ్చినకాడికెల్లి ఒక్కరు సుత మన మాటల పలకరియ్యలే బిడ్డా. హోటలు పిల్లలు టీవీల లెక్క మాట్లాడుతుండ్రు. ఊరు తప్పి దిగిన్నా అనుకున్న."

"మీది ఏ గల్లీ తాతా?"

రేవు పక్కన గల్లీ పేరు చెప్పాడు. షూఫెన్ అద్దంలోంచి కిందికి చూపించింది. "అగో, ఆ బిల్డింగులు లేచినయి. గల్లీ పోయింది. మెట్లు మాత్రం ఉన్నయి, నీళ్లదాక దిగుతయి." ఆయన అద్దానికి నుదురు ఆనించి చూస్తూ ఉండిపోయాడు. ఒడ్డు వచ్చేదాకా ఆమె చెబుతూనే ఉంది, ఏ మిల్లు ఎక్కడుండేదో, ఎవరి కొట్టు ఎటు పోయిందో. ఈసారి ఎవరూ నవ్వలేదు. అర్థం కాని ఒకావిడ పక్కవాణ్ని అడిగి చెప్పించుకుంది.

డ్యూటీ దిగాక ఆయన్ని తాన్ కొట్టుకు తీసుకెళ్లింది.

"కారం తక్కువెయ్యాల్నా పెద్దయ్యా?"

"నేను పోయిన గని, నాలుక ఈడనే ఇడిసిపోయిన. ఎయ్యి!" అన్నాడు ల్యావ్. చెమటలు కక్కుతూ గిన్నె ఖాళీ చేశాడు.

మర్నాడు షూఫెన్ మేనేజరు ముందు నిలబడింది. "యంత్రాల గదికి పోను సార్. మీ రికార్డు మీరు ఏసుకోండ్రి. అది అయిపోయినంక నేను మాట్లాడత, నాకొచ్చినట్టు."

"మళ్లీ నవ్వితే?"

"నవ్వనియ్యిండ్రి. నవ్వేటోళ్లు సుత లోపలికి జరగాలె గద."

వెయ్ తల గోక్కుని, సరే, చూద్దామన్నాడు. నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. కొన్ని సాయంత్రాలు ఆమె ఇంటికి ముఖం మాడ్చుకునే వెళ్లింది. అయినా నోరు మూయలేదు.

ఎండలు ముదిరాక షిన్‌జియాంగ్ నుంచి ల్యావ్ పంపిన సంచెడు ఎండుద్రాక్ష వచ్చింది. షూఫెన్ రోజూ కోటు జేబులో గుప్పెడు పోసుకుని వెళ్లేది. కింద నీళ్లు చూసి భయపడి ఏడ్చే పిల్లలకు పెట్టడానికి.