పదకొండు రోజులు వాయిదా వేసిన ప్యాచ్

ఆ మంగళవారం పొద్దున ఆఫీసుకు వచ్చి, సంచిలోంచి టిఫిన్ డబ్బా ఇంకా బయటికి తియ్యకముందే ఆ మెయిల్ చూశాను. కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ మొదటినుంచీ చదివాను.

మాది బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మేడ మీద చిన్న కంపెనీ. బడులకు, దుకాణాలకు, ఆసుపత్రులకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇస్తాం. ఆ వెబ్‌సైట్లు నడిచే కంప్యూటర్లను సర్వర్లంటారు. వాటి బాగోగులు చూసుకోవడం నా పని. సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడూ ఏదో ఒక లోపం బయటపడుతూనే ఉంటుంది. తయారుచేసినవాళ్ళు ఆ లోపాన్ని పూడ్చే సవరణ ఒకటి విడుదల చేస్తారు. దాన్నే ప్యాచ్ అంటాం. అది వచ్చిన రోజే వేసుకోవాలి. ఎందుకంటే ఫలానా చోట కన్నం ఉందని మాకు తెలిసిన రోజే దొంగలకూ తెలుస్తుంది.

మెయిల్‌లో ఉన్నది పదకొండు రోజుల కిందట వచ్చిన ప్యాచ్ సంగతే. అప్పుడు తయారుచేసినవాళ్ళు అంత పెద్ద ప్రమాదమేమీ కాదన్నట్టు రాశారు. ఇప్పుడు మాట మార్చారు. పాస్‌వర్డ్ అక్కర్లేకుండా, వెబ్‌సైట్ అడ్రసును కొంచెం వంకరగా టైపు చేసి సర్వర్ లోపలి ఫైళ్ళు చదవచ్చునట. ఇప్పటికే చాలాచోట్ల చదువుతున్నారట.

మా సర్వర్లన్నిటికీ ఆ ప్యాచ్ వేశాను, ఒక్కదానికి తప్ప. అది ఉయ్యూరు అవతల ఒక చిన్న ఆసుపత్రిది. రోగుల రక్త పరీక్షల రిపోర్టులన్నీ అందులో ఉంటాయి. రిపోర్టులు తమ దగ్గరే ఉండాలని వాళ్ళు పట్టుబట్టడంతో సర్వర్ పెట్టె వాళ్ళ ల్యాబులోనే పెట్టాం. అంతకు రెండు నెలల ముందు దానికి ఒక ప్యాచ్ వేస్తే అది మళ్ళీ లేవలేదు. మధ్యాహ్నం దాకా రిపోర్టులు రాక జనం కౌంటర్ దగ్గర కూర్చుండిపోయారు. అక్కడి పెద్ద డాక్టరు గారు మా మేనేజరు గారికి ఫోన్ చేసి కేకలేశారు. ఆ రోజు నుంచి ఆ సర్వర్ అంటేనే నాకు బెదురు పట్టుకుంది. ఈసారి ప్యాచ్ రాగానే, ఆదివారం వేద్దాంలే అనుకున్నాను. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక చుట్టాలొచ్చారు. పై ఆదివారం చూద్దాం అనుకున్నాను. అదీ దాటిపోయింది.

సర్వర్ తన దగ్గరికి ఎవరెవరు ఏమడిగారో, తను ఏం జవాబిచ్చిందో వరసగా రాసుకుంటుంది. ఆఫీసులోంచే ఆ చిట్టా తెరిచి వెనక్కి వెళ్ళాను. నాలుగు రోజుల కిందటి శుక్రవారం తెల్లవారుజామున ఆ వంకర అడ్రసులు మొదలయ్యాయి. మొదటివాటికి సర్వర్ లేదు పొమ్మంది. తరవాత మూడిటికి మాత్రం అడిగింది ఇచ్చేసింది.

ఆ మూడు వరసలూ ఇంకోసారి చదివాను. ల్యాబ్ టెక్నీషియన్ గారికి ఫోన్ చేశాను. యాభై ఏళ్ళ మనిషి. చాలా ఏళ్ళుగా ఆ ల్యాబును ఆవిడే నడుపుతోంది. నేను అక్కా అని పిలిచేదాన్ని.

"అక్కా, మూలన స్టాండు మీద నల్ల పెట్టె ఉంది కదండీ. దాని వెనక నీలం వైరు ఉంటది. పీకేయండి."

"పీకితే పేషెంట్ల ఫోన్లకి రిపోర్టులు వెళ్ళవు కదమ్మా."

"వెళ్ళవండి. ఇవాళ్టికి కాగితం మీద ఇవ్వండి. నేను బయల్దేరి వస్తున్నాను."

"ఏమైందమ్మా? గొంతు అలా ఉందేంటి?"

"వచ్చి చెప్తానండి."

మేనేజరు గారికి చెప్పాను. "వెళ్ళి ప్యాచ్ వేసేసి రండి. లోపలికి వచ్చారు, గిచ్చారు అని వాళ్ళతో ఇప్పుడే అనకండి. మనకే పూర్తిగా తెలీదు కదా" అన్నారు. సరేనండీ అన్నాను. ఎందుకైనా మంచిదని, ఆఫీసులో ఖాళీగా ఉన్న ఇంకో సర్వర్ పెట్టెను అట్టపెట్టెలో సర్ది బస్టాండుకు వెళ్ళి బందరు బస్సెక్కాను.

దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. పెనమలూరు ఎప్పుడు దాటామో, కంకిపాడు ఎప్పుడొచ్చిందో గుర్తులేదు. నా ఉద్యోగం పోతుందన్న భయం ఆఫీసు మెట్లు దిగేదాకానే ఉంది. బస్సులో పట్టుకున్న భయం వేరు. ఆ సర్వర్‌లో షుగరు, థైరాయిడ్ రిపోర్టులే కాదు, హెచ్.ఐ.వి. పరీక్షలున్నాయి. గర్భం పరీక్షలున్నాయి. పరీక్ష చేయించుకున్న సంగతే ఇంట్లో చెప్పనివాళ్ళు ఉన్నారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. అవి ఎవడి చేతిలోనో పడి ఉంటే నేనేం చేయగలను? ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకుంటే ఆ మూడు వరసలే కనిపించాయి.

ల్యాబులోకి వెళ్ళగానే అక్క నా మొహం చూసి మంచినీళ్ళ సీసా అందించింది. ప్యాచ్ వెయ్యాలని మాత్రం చెప్పి నేను నేరుగా సర్వర్ ముందు కూర్చున్నాను. ఒక ఫోల్డర్‌లో నేను పెట్టని ఫైలు ఒకటి ఉంది. చిన్న ఫైలే. దొంగ వచ్చి తన వస్తువు ఒకటి వదిలి వెళ్ళినట్టుగా ఉంది. చదివిన ఫైళ్ళలో పాస్‌వర్డ్ ఏదో దొరికి ఉండాలి, లోపలికే వచ్చాడు. చెయ్యి పెట్టినవాడు ఇంకెక్కడెక్కడ పెట్టాడో తెలియని పెట్టెకు ప్యాచ్ వేసి లాభం లేదు. పాత పెట్టె ఆపేసి, తెచ్చిన పెట్టెలో సాఫ్ట్‌వేర్ అంతా కొత్తగా, ప్యాచ్‌తో సహా ఎక్కించాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. ఇక రిపోర్టులు ఎక్కించాలి. కానీ వాటిని నమ్మేదెలా? లోపలికి వచ్చినవాడు అంకెలు మార్చి ఉంటే?

అక్క నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "నువ్వు ప్యాచ్ వెయ్యడానికి వచ్చిన దానిలా లేవమ్మా. దాచకుండా చెప్పు."

మేనేజరు గారి మాట గుర్తొచ్చింది. అయినా చెప్పేశాను. ఎవరో లోపలికి వచ్చారని, పదకొండు రోజులు ప్యాచ్ వెయ్యకుండా నేను ఆపానని, రిపోర్టులు మార్చారో లేదో తెలియదని.

ఆవిడ లేచి వెళ్ళి బీరువాలోంచి రిజిస్టరు తెచ్చింది. పరీక్ష చేసినప్పుడు ముందు చేత్తో అందులో రాసి, తరవాతే కంప్యూటర్‌లో కొడతారు. నెల కిందటి దాకా రిపోర్టులకు ల్యాబులోనే విడిగా దాచిన కాపీ ఉంది, వాటిని కంప్యూటరే సరిచూసింది, తేడా లేదు. ఆ తరవాతవి మనుషులే చూడాలి. నేను తెర మీద చదువుతుంటే ఆవిడ రిజిస్టరులో వరస కింద స్కేలు పెట్టి ఊ కొట్టేది.

"మా నాన్న పెడనలో మగ్గం మీద తెగిన పోగు ఇలాగే వెతికేవాడమ్మా. తొందరపడితే కనపడదు" అంది.

మూడు గంటలప్పుడు, ఒక గర్భిణీ స్త్రీ రిపోర్టు చదివాను. "బ్లడ్ గ్రూపు బి పాజిటివ్."

ఊ వినపడలేదు. తలెత్తి చూశాను. అక్క స్కేలు కదపకుండా అలాగే ఉంది.

"ఇక్కడ బి నెగటివ్ అని ఉందమ్మా."

మార్చాడన్నమాట. అయితే ఇంకెన్ని మార్చాడో. అక్క గొంతు తగ్గించి చెప్పింది, "తల్లి నెగటివ్ అయ్యి బిడ్డ పాజిటివ్ అయితే తల్లికి ఇంజెక్షన్ వెయ్యాలి. లేపోతే తర్వాతి కాన్పులో బిడ్డకి ప్రాణాపాయం. పాజిటివ్ అని రాసుంటే ఎవరూ వెయ్యరు."

ఆవిడ కౌంటర్‌కి వెళ్ళి ఆ రోజుల కాగితాల ఫైలు తెచ్చింది. ఇచ్చిన ప్రతి రిపోర్టుకూ ఒక నకలు అందులో ఉంటుంది. మూడు వారాల కిందటి కాగితం, ఆవిడ సంతకంతో సహా దొరికింది. అందులోనూ బి పాజిటివ్ అనే ఉంది. అప్పటికి ఏ దొంగా రాలేదు. ఆ లోపం గురించి లోకానికింకా తెలియనే లేదు.

"ఇది నా చెయ్యేనమ్మా" అంది అక్క. ఆ మాట అని స్టూలు మీద కూలబడింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ గర్భిణి కాన్పుకు పుట్టింటికి వెళ్తానని చెప్పిందని, ఈపాటికి వెళ్ళిపోయి ఉంటుందని అంది. "రిపోర్టు తీసుకుని, థాంక్సండీ అని కూడా చెప్పి వెళ్ళింది."

ఇద్దరం కలిసి పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళాం. ముందు అక్క తన తప్పు చెప్పింది. ఆయన ఆ క్షణంలోనే ఫోన్ తీసి నంబరు కలిపారు. భర్త ఎత్తాడు. భార్య హనుమాన్ జంక్షన్ దగ్గర వాళ్ళమ్మ ఇంట్లో ఉందని, ఏడో నెల నిండుతోందని చెప్పాడు. రేపే తీసుకురమ్మని, భయపడొద్దని, తప్పు మా వల్లే జరిగిందని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. నా సంగతీ చెప్పాను.

"ఎందుకు ఆపావమ్మా?"

"కిందటిసారిలా ఆగిపోతుందేమోనని భయమేసిందండి."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అప్పుడు ఫోన్ చేసి అరిచింది నేనే కదా" అన్నారు. తరవాత, "మిగతావి కూడా చూసెయ్యండి. పేషెంట్లకి మనమే చెప్దాం" అన్నారు.

సాయంత్రానికి రిజిస్టరు పూర్తయింది. ఇంకే తేడా లేదు. వచ్చినవాడు ఏదీ మార్చలేదు. కానీ చదివాడా, ఎత్తుకెళ్ళాడా అన్నది ఏ రిజిస్టరూ చెప్పదు.

గురువారం మళ్ళీ వెళ్ళేసరికి కౌంటర్ దగ్గర నోటీసు అంటించి ఉంది. మీ రిపోర్టులను బయటివాళ్ళు చూసి ఉండవచ్చు, ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తే మాకు చెప్పండి అని. చాలామంది చదివి ఊరుకున్నారు. ఒక పెద్దాయన, "నా షుగరు వాళ్ళకెందుకమ్మా, కావాలంటే తీసుకెళ్ళమను" అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, కౌంటర్ మీదికి వంగి, లోపల కూర్చున్న నన్ను మెల్లగా అడిగింది.

"ఏ నెల రిపోర్టులండి?"

"అన్నీనమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి చున్నీ తల మీదికి లాక్కుని గేటు వైపు వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి ఏదైనా చెప్దామనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏముంది?

గర్భిణీ స్త్రీ బుధవారమే తల్లితో కలిసి వచ్చిందట. మళ్ళీ పరీక్ష చేసి, బి నెగటివ్ అని తేల్చి, వెయ్యవలసిన ఇంజెక్షన్ వేశారు. రెండు నెలల తరవాత అక్క ఫోన్ చేసి ఆడపిల్ల పుట్టిందని, బిడ్డ పాజిటివ్ అని, కాన్పయ్యాక తల్లికి రెండో ఇంజెక్షన్ కూడా వేశారని చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. ఇప్పుడు ఆ ల్యాబులో ఒకరు టైపు చేస్తే ఇంకొకరు చూసి సంతకం పెడుతున్నారు.

మేనేజరు గారు ముందు కోప్పడ్డారు. ఆసుపత్రివాళ్ళు మమ్మల్నే ఉంచుకుంటామని చెప్పాక మెత్తబడ్డారు. ప్యాచ్ వచ్చిన రోజే వెయ్యాలని, వేసేటప్పుడు ఆసుపత్రి గంటసేపు ఓపిక పట్టాలని ఇరువైపులా ఒప్పుకున్నాం. వచ్చిందెవరో, ఏం పట్టుకెళ్ళారో ఇప్పటికీ తెలియదు. బెదిరింపు ఫోన్ వచ్చిందని ఎవరూ చెప్పలేదు. చెప్పలేదంటే రాలేదనేనా అన్నది నాకు తెలియదు. ఉయ్యూరు వైపు నంబరు నుంచి ఫోన్ మోగితే ఇవాళ్టికీ ఎత్తేముందు ఒక్క క్షణం ఆగుతాను.