బెంగళూరు కమాన్లు

మా ఆయన ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఒక పాత కారు కొన్నారు. మా అత్తకు నడుంనొప్పి. నెలకోసారి ఆమెను ఆ కారులో హిందూపురం వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం. దారంతా గుంతలే కావడంతో, అక్కడ తగ్గిన నొప్పి ఇల్లు చేరేలోగా మళ్లీ పట్టుకునేది.

"అమ్మ కోసం బండిని మెత్తగా చేపిస్తా" అని ఆయన బెంగళూరు నుంచి కారు బరువు మోసే కొత్త కమాను పట్టీలు, కుదుపులు ఆపే షాకబ్జార్బర్లు తెప్పించారు. అవి ఇంకా పెద్ద కారుకు వేసేవి. గట్టివైతే మంచివేనని ఆయన నమ్మకం. హిందూపురం మెకానిక్కు వద్దన్నా వినకుండా బిగించమన్నారు.

కారు జానెడు పైకి లేచింది. అత్త ఎక్కడానికి పీట వేయాల్సి వచ్చింది. ఒక్కో గుంతకు వెనక సీటులో అత్తా నేనూ ఎగిరిపడేవాళ్లం. ముందు కూర్చుని నడిపే ఆయనకు ఏమీ తెలిసేది కాదు.

"కొత్తవి కదా, కుదురుకుంటాయి" అనేవారు.

అవి కుదురుకోలేదు. ఆయన మైలుకోసారి కారాపి, కిందికి దూరి, షాకబ్జార్బర్ల బోల్టులు ఒకసారి బిగించేవారు, ఇంకోసారి వదులు చేసేవారు. మేము ఎండలో నిలబడేవాళ్లం. తర్వాత బరువుంటే అణుగుతుందని రెండు ఇసుక మూటలు మా కాళ్ల దగ్గర పెట్టారు. కాళ్లు చాపుకునే చోటు కూడా పోయింది. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చేవి.

ఒకసారి హిందూపురం నుంచి తిరిగి వస్తుంటే, పెనుకొండలో పని ఉందని ఆ మెకానిక్కు కూడా మాతో ఎక్కాడు. ఊరు దాటాక కారు ఆపించాను.

"ఈయప్ప నడుపుతాడు. మీరు ఎనక కూచోండి" అన్నాను.

"నేనెందుకు?"

"అత్త ముందర కూచుంటాది. పెనుకొండ దాకా చాలు."

మెకానిక్కు నవ్వు ఆపుకుంటూ స్టీరింగు పట్టుకున్నాడు. మొదటి గుంతకే ఆయన తల పైకప్పుకు కొట్టుకుంది. రెండోదానికి ఇసుక మూట మీద పడ్డారు. నేను ముందు సీటు వెనకున్న కడ్డీ పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాను. పెనుకొండలో దిగాక ఆయన నడుం పట్టుకుని మెకానిక్కును అడిగారు.

"ఎన్ని పట్టీలు తీసేస్తే సరిపోతాదప్పా?"

"ఆ పొద్దే చెప్తిని కదా సామీ, ఈ బండికి ఇవి తగవని. ఒక్కో పక్క రెండు తీసేద్దాం."

తీశాక కారు నిజంగానే మెత్తబడింది. ఆయన సంబరంగా ఆ సంగతి చెబితే, అత్త తమలపాకుకు సున్నం రాసుకుంటూ విని, "బాగుండాదిలే నాయనా. నన్ను మాత్రం రైల్లో పంపు" అంది.

మరుసటి నెల ఆమెతో పాటు నేనూ రైలెక్కాను. ఆయన దారి పొడుగునా ఆపి బోల్టులు చూసుకుంటూ ఖాళీ కారులో హిందూపురం వచ్చి, మా కంటే గంట ఆలస్యంగా చేరారు.