నాలుగో మార్గరెట్

2019 అక్టోబర్. కెనడాలోని కనాటాలో మా ఇంటి నుంచి పడమటగా గంటన్నర డ్రైవ్ చేస్తే వచ్చే ఒక పాత పొలం. నేను చేసేది గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్ పని. మేం దాన్ని జీపీఆర్ అంటాం. చూడటానికి గడ్డి కోసే బండిలా ఉంటుంది. నేల మీద నెట్టుకుంటూ పోతే లోపలికి తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని తెర మీద గీతలుగా చూపిస్తుంది. గ్యాస్ పైపులు, కరెంటు కేబుళ్ళు వెతకడం మా రోజువారీ పని. ఎప్పుడో ఒకసారి గుర్తులు చెరిగిన సమాధులు వెతకమని ఫోన్ వస్తుంది. ఈ యంత్రానికి ఎముకలు కనిపిస్తాయని చాలామంది భ్రమ. ఒకప్పుడు తవ్వి పూడ్చిన మట్టికీ, ఎన్నడూ కదలని మట్టికీ ఉన్న తేడా మాత్రమే దానికి తెలుస్తుంది. ఆ తేడాను మేం అనామలీ అని రాసుకుంటాం.

నన్ను పిలిచినావిడ పేరు మార్గరెట్. ఎనభై దాటిన రిటైర్డ్ టీచర్. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది. ఆవిడ పూర్వీకులు స్కాట్స్-ఐరిష్ వాళ్ళు. అంటే స్కాట్లండ్ వదిలి ఉత్తర ఐర్లండ్ చేరి, అక్కడ కొన్ని తరాలు బతికి, మళ్ళీ ఓడెక్కి కెనడా వచ్చి అడవి కొట్టుకుని పొలం చేసుకున్నవాళ్ళు. ఆ పొలంలో ఒక ఇసుక దిబ్బ మీద ఆ కుటుంబపు సమాధి రాళ్ళు అయిదున్నాయి. మొదట వలస వచ్చిన జేమ్స్‌ది ఒకటి, ఆయన భార్య ఆగ్నెస్‌ది ఒకటి, పక్కన మోకాలెత్తు చిన్న రాళ్ళు మూడు. ఆ దంపతుల కూతురు మార్గరెట్టే తన ముత్తవ్వ అనీ, తన పేరు ఆవిడదేననీ మా క్లయింటు చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగారు.

ఆవిడకు ఎక్కువ కాలం లేదని డాక్టర్లు చెప్పేశారు. తన వాళ్ళ పక్కన ఆ దిబ్బ మీదే తనను పూడ్చాలన్నది ఆవిడ కోరిక. పొలం మాత్రం మిల్టన్‌లో ఉండే రాబర్ట్‌ది. వరసకు తమ్ముడు. పొలం అమ్ముతున్నాడు, దిబ్బను మాత్రం అట్టిపెట్టుకుంటున్నాడు. చెడ్డవాడేం కాదు, లెక్క మనిషి. "చోటు కొంచెమే ఉంది. అడిగిన చుట్టాలందరికీ ఇవ్వలేను. నువ్వు జేమ్స్ సంతతివేనని చూపించు, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. రాళ్ళు చదివి, కింద ఎన్ని సమాధులున్నాయో చూసిపెట్టమని ఆవిడ నన్ను పిలిచారు.

మొదటి రోజు పొద్దున్నే నేనూ, మార్గరెట్ గారూ, రాబర్టూ చిన్న రాళ్ళ దగ్గర కూర్చున్నాం. పాలరాయి వానకు కరిగి, అక్షరాలు చేతికి కూడా తగలడం లేదు. ఇలాంటి చోట్ల నేనొక నిలువుటద్దం వెంట తీసుకెళ్తాను. ఎండను అద్దంతో పట్టి రాయి మీదకు పక్కవాటుగా కొడితే, చెరిగిపోయిన గాట్లలో కూడా నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. ఏదో నీటి అడుగు నుంచి మొహం పైకొస్తున్నట్టు ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకది అలవాటు కాలేదు.

మొదటి రాయి మార్గరెట్ గారే చదివారు. "మార్గరెట్. జేమ్స్, ఆగ్నెస్‌ల కూతురు. మూడేళ్ళు." రెండో రాయి మీదకు వెలుగు తిప్పాను. "మార్గరెట్. జేమ్స్, ఆగ్నెస్‌ల కూతురు." అక్కడ ఆగి నా వైపు చూశారు. అద్దం వెలుగు మొదటి రాయి మీదే ఉందేమోనని నాకూ అనుమానం వచ్చింది. లేదు. మూడో రాయి చదవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. నేనే చదివాను. అదే పేరు.

రాబర్ట్ టోపీ సర్దుకుని, "సారీ మార్గరెట్. వాళ్ళ మార్గరెట్ పెరిగి పెద్దయినట్టు లేదు" అన్నాడు.

"మూడుసార్లు పోయింది. మరి నేనెవరి మనిషిని, శారదా?" అని ఆవిడ నన్నడిగారు. తర్వాత కారు దగ్గర ఆవిడే నెమ్మదిగా చెప్పారు. వాళ్ళలో నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు పిల్లలకు పెట్టి తీరాలట. ఆ పేరున్న పిల్ల పోతే, తర్వాత పుట్టిన ఆడపిల్లకు మళ్ళీ అదే పేరట. పేరు ఇంట్లోంచి పోకూడదని.

ఆ సాయంత్రం ఇంట్లో మా అత్తగారికి ఈ సంగతి చెప్పాను. ఆవిడది గుంటూరు దగ్గర పల్లెటూరు. చేస్తున్న పని ఆపేసి, "మన వైపు పిల్లలు నిలవకపోతే పెంటమ్మనో పుల్లమ్మనో పేరు పెట్టేవాళ్ళమ్మా, చావు కంట పడకుండా. వీళ్ళేంటి, పోయిన పిల్ల పేరే పెట్టి పిలిచారా? వాకిట్లో నిలబడి ఆ పేరు కేకేస్తే ఏ పిల్ల పలుకుతుందనుకున్నారో" అన్నారు. ఆ మాట వినకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు రాడార్ దింపాను. మూడు చిన్న రాళ్ళ ముందూ మూడు చిన్న అనామలీలు, తూర్పు పడమరలుగా. క్రైస్తవుల సమాధులు ఉండాల్సినట్టే ఉన్నాయి. అక్కడితో ఆపేయొచ్చు. కానీ వరస అయిపోయాక పక్కన ఇంకో రెండుసార్లు బండి తోయడం మా పద్ధతి. మార్గరెట్ గారు పొద్దుటి నుంచీ మడత కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు. "కుర్చీ కొంచెం జరుపుతారా" అని అడిగి, ఆ చోట బండి తోశాను.

తెర మీద నాలుగో గుంత కనిపించింది. అదే పొడవు, అదే వెడల్పు, అదే వరస. పైన రాయి లేదు. ఆవిడ పొద్దుటి నుంచీ సరిగ్గా దాని మీదే కూర్చున్నారు.

ఆవిడకున్న చివరి ఆశ, నాలుగో మార్గరెట్ ఎవరైనా పుట్టి బతికిందేమోనని. ఇప్పుడు నాలుగో గుంత కూడా నేనే చూపించాల్సి వచ్చింది. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను. ఆవిడ కుర్చీ మడిచి పక్కన పెట్టి, "అయితే అందరూ ఇక్కడే ఉన్నారన్నమాట" అన్నారు.

ఒక్క విషయం మాత్రం నాకు పొసగలేదు. ఆ గుంతలో పైనే, మోకాలి లోతు కూడా లేకుండా, పలకలాంటిది ఏదో మెరుస్తున్న గీతగా పడింది. మిగతా మూడింట్లో అది లేదు. మాకు తవ్వే అధికారం ఉండదు. అందుకు లైసెన్స్ ఉన్న ఆర్కియాలజిస్ట్ రావాలి, పర్మిషన్లు రావాలి. ఖర్చు రాబర్టే పెట్టుకున్నాడు.

నవంబర్ మొదట్లో, గడ్డి మీద మంచు పట్టిన ఉదయం, ఆర్కియాలజిస్ట్ ఆ చోటు తెరిచాడు. పలక రాయి బోర్లా పడుకుని ఉంది. ఇద్దరు పట్టుకుని తిప్పి, నీళ్ళు పోసి తుడిచారు. దానికి అద్దం అక్కర్లేకపోయింది. వాన ముఖం చూడని రాయి, అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. "మార్గరెట్. జేమ్స్, ఆగ్నెస్‌ల కూతురు. మరణం." ఆ తర్వాత ఖాళీ. తేదీ లేదు, వయసు లేదు.

తన పేరు, కింద ఖాళీగా వదిలిన చోటు. ఆవిడ దాని ముందు నిలబడి ఉంటే నాకు భయమేసింది. చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుదామనిపించింది.

ఆర్కియాలజిస్ట్ గుంత అడుగు దాకా వెళ్ళాడు. మిగతా రోజంతా పట్టింది. చెక్క కుళ్ళిన మరక లేదు, పెట్టె మేకు ఒక్కటీ లేదు. "ఇందులో ఎవరినీ పెట్టలేదు" అన్నాడు. తర్వాత వివరించాడు. ఇక్కడ చలికాలంలో నేల గునపం దిగనంతగా గడ్డకడుతుంది. అందుకని, చలి దాటదనుకున్న మనిషి ఇంట్లో ఉంటే శరదృతువులోనే గుంత తవ్వి ఉంచుకోవడం అప్పట్లో ఉండేదట. రాళ్ళు చెక్కేవాడు కూడా ఎప్పుడో గానీ ఆ దారిన రాడు కాబట్టి, వచ్చినప్పుడే పేరు చెక్కించేసి ఉంటారన్నాడు. "పిల్ల చచ్చిపోలేదు. గుంత పూడ్చేశారు. రాయిని లోపలే బోర్లించేశారు."

మార్గరెట్ గారు అప్పుడు ఏడ్చారు, మొదటిసారి. "బతికింది" అన్నారు. రాబర్ట్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "నీకు ఏ చోటు కావాలో నువ్వే చూసుకో అక్కా" అన్నాడు.

అంత బాగా నిలిచిన రాయి కదా, పైన నిలబెట్టించుకుంటారేమోనని నేను నోరు జారాను. ఆవిడ నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశారు. "వద్దు. ఎలా ఉందో అలాగే బోర్లా పెట్టండి. వాళ్ళెందుకు తిప్పారో నాకు తెలుసు. ఇంకో మాట రాబర్ట్. నేను చలికాలంలో పోతే నేల కరిగేదాకా ఆగుతాను. బతికుండగా నా కోసం ఎవరూ గుంత తవ్వొద్దు."

మరుసటి జనవరిలోనే ఆవిడ పోయారు. ఊళ్ళోని వాల్ట్‌లో, అంటే చలికాలపు శవాలను దాచే రాతి గదిలో, మే దాకా ఉంచారు. ఆ నెలలో నేనూ దిబ్బ దగ్గరికి వెళ్ళాను. ఆగ్నెస్‌కు అవతలి వైపు, పిల్లల వరసకు దూరంగా ఆవిడ చోటు ఎంచుకున్నారు. నాలుగో గుంత మీద గడ్డి అప్పటికే మొలిచింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదీ. మట్టి కదిలిందని యంత్రం చెబుతుంది, ఎందుకు కదిలిందో చెప్పదు. చిన్న గుంత కనబడగానే రిపోర్టులో పిల్లల సమాధి అని రాసేయడం అంతకుముందు నాకు సులువుగా ఉండేది. ఇప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆ నాలుగో పిల్ల జ్వరం తగ్గి లేచి, గడ్డి మొలవని ఆ కొత్త మట్టి పక్కనుంచే ఎన్నో రోజులు నడిచి ఉంటుంది. కింద తన పేరు ఉందని ఎవరైనా ఆ పిల్లకు చెప్పారో లేదో.